పన్నెండు మూరల రుమాలు

కోడుమూరు పక్కన ఆ పల్లెలో పొద్దున పనికి పోయే మగోళ్లంతా పెద్దరెడ్డి అరుగు ముందర నుంచే పోవాల. అరుగు దగ్గరికి వస్తూనే వాళ్ల తలరుమాళ్లు వాటంతట అవే విప్పుకుని, దిగి, చంకలో దూరేవి. అరుగు దాటినాక మళ్లీ తలకెక్కేవి. దాన్ని ఎవరూ వింతనుకోలేదు. వానాకాలం బురదలో జారిపడితే ఉతికేది మేమే కదా అని ఆడోళ్లు తిట్టుకునేవాళ్లు, అంతే.

ఆ రుమాళ్లన్నీ నేసేది నరసన్న. ఎవరు కట్టుకునే గుడ్డను వాళ్ల మూరతోనే కొలవాలని తాతల నాటి కట్టడి. పెద్దరెడ్డి ఇంట్లో జీతమున్న ఏసన్నకు ముతక నూలు, మూడు మూరలు. కాపులకు ఆరు. పెద్దరెడ్డికి జరీ అంచుతో పన్నెండు.

రెడ్డి నేతోళ్ల గడపకు వస్తాడా? తన మూరకు తెంచిన తాడు పంపేవాడు. శిస్తు లెక్కలు చూసే జమాబందీకి తెల్లదొర వస్తాడన్న ఏడు ఆ తాడు ఏసన్న చేతికిచ్చినాడు. వంకలో నీళ్లు తాగుతూ దాన్ని పారేసుకున్నాడు పాపం, వచ్చి నరసన్న వాకిట్లో నిలబడినాడు.

"తాడు పోయిందంటే నా ఈపు చీరేస్తాడప్పా. నా చెయ్యీ ఆయప్ప చెయ్యీ ఒకటే పొడుగు. నాదే కొలుచుకో."

నరసన్న ముట్టుకోలేదు. చెయ్యి నేల మీద పెట్టమని, మోచేతి కాడ ఒకటి, వేలి కొన కాడ ఒకటి పుల్లతో గీతలు గీసినాడు. ఏసన్న పోయినాక ఆ గీతల మధ్య తాడు పరిచి తెంచుకున్నాడు. ముట్టుకోలేదు కదా, ఇంక తప్పేముందనుకున్నాడు పిచ్చోడు. ఈ గుడ్డ ఎవరి తల వెతుక్కుంటాదోనని పెళ్లాం మద్దమ్మ గొణిగింది.

దొర వచ్చిన దినం పెద్దరెడ్డి కొత్త రుమాలు చుట్టుకుని అరుగు మీద నిలబడినాడు. దొర నెత్తిన టోపీ ఉంది, అది ఎవరికీ దిగేది కాదు. ఏసన్న దొర గుర్రానికి గడ్డిమోపు తెచ్చినాడు. అంతే, రెడ్డి రుమాలు పొరపొరగా విప్పుకుని, మెట్లు దిగి, దుమ్ములో పాకిపోయి ఏసన్న తలకు చుట్టుకుంది. దొర పగలబడి నవ్వినాడు. ఆ నవ్వే ఏసన్న ప్రాణం తీసింది.

దొర పోయినాక రెడ్డి మనుషులు ఏసన్నను రాతికూసానికి కట్టేసి కొడుతూ, కొలిచింది ఎవరో చెప్పమన్నారు. చంకలో రుమాలు పెట్టుకుని నరసన్న గుంపులోనే ఉన్నాడు. ఏసన్న అతని దిక్కు ఒకసారి చూసినాడు.

"నేనే కొలుచుకున్నా," అన్నాడు.

పొద్దు గూకకముందే పోయినాడు. ఎంత లాగినా రుమాలు ఊడలేదు, దాంతోనే పూడ్చినారు.

నరసన్నకు మూడు దినాలు కూడు దిగలేదు. నోరు తెరిచింటే ఏసన్నా నేనూ ఇద్దరమూ చచ్చేవాళ్లమని పెళ్లాంతో అన్నాడు.

"చచ్చింది ఒకడే కదా," అనింది మద్దమ్మ.

నాలుగో దినం పొద్దున అరుగు ముందరికి వచ్చినాడు. రుమాలు దిగలేదు. వట్టి నెత్తితో కూచున్న పెద్దరెడ్డి చూస్తాన్నాడు. నరసన్న రెండు చేతులతో లాగినాడు, మెడ నొప్పి పుట్టేదాకా లాగినాడు. రాలేదు.

"ఏమప్పా, నీ రుమాలుకేమొచ్చింది?" అని రెడ్డి మెల్లగా అడిగినాడు.

నరసన్న చేతులు దించేసినాడు.

"ఏసన్న చెయ్యి కొలిచింది నేను," అన్నాడు.

అరుగు మీది మనుషులు తాళ్లు తీసుకుని మెట్లు దిగినారు. నరసన్న రుమాలు సర్దుకుని నిలబడినాడు.