తుపాకి కన్నం

వరద నీళ్లలో ఛాతీలోతున నిలబడి మేస్త్రీ బాజీ పాత బురుజు గోడను గునపంతో పొడుస్తున్నాడు. మేకల్ని విప్పుకొస్తానని అతని భార్య మీరాబీ లోపలికి వెళ్లగానే, పక్కనున్న మట్టి సావిడి కూలి తలుపుకు అడ్డం పడింది.

దోపిడీ దండుల భయానికి వెనకటి రైతులు లంకపొలంలో కట్టించుకున్న బురుజు అది. మూడడుగుల మందాన గానుగ సున్నం గోడ. కిటికీ లేదు, లోపలివైపు వెడల్పుగా, బయటికి సన్నంగా ఉన్న ఒక్క తుపాకి కన్నం తప్ప. పోయినేడు ఆసామి కిటికీ పెట్టమంటే, "మా ముత్తాత కట్టిన గోడండీ, తూట్లు పొడవను" అని పంతం పట్టింది బాజీయే.

ఆ కన్నంలోంచి మీరాబీ చెయ్యి బయటికొచ్చింది.

"లోపల పల్లం కదా, గొంతు దాకా వచ్చినయ్యి. ఎంత తవ్వావయ్యా?"

బెత్తెడు కూడా లేదు.

"అయిపోవచ్చిందే."

"నీకు అబద్ధమాడటం రాదులే."

గునపం వంగిపోయింది. బాజీ దాన్ని వదిలేసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నీళ్లు కన్నం అంచును తాకాయి.

"పో, ఇంకో గునపం పట్రా," అంటూ ఆమె అతని చేతిని నెట్టేసింది.

మైలు దూరాన ఉన్న రేపల్లె కట్ట దాకా పోతేగాని గునపం దొరకదని ఇద్దరికీ తెలుసు.