ఐమూలగా పరిచిన గది

ఆ శనివారం పొద్దున నా దగ్గరున్న సరుకు ఇది: ఆడవాళ్ళు ఎత్తే రాడ్ ఒకటి, పొడవు రెండు మీటర్ల ఒక సెంటీమీటరు, బరువు పదిహేను కిలోలు. రంగురంగుల రబ్బరు ప్లేట్లు పది. నేలమీద పరిచే మందపాటి రబ్బరు పలకలు తొమ్మిది. రాడ్ ఆనించే స్టాండ్లు రెండు. వీటికి తోడు వారం కిందట నేను ఇచ్చిన మాట ఒకటి: "పడుతుందమ్మా, నాదే పూచీ."

మూతబడిన జిమ్ముల్లో సామాను కొని, తుప్పు గీకి, ఇళ్ళకు అమ్మడం నా వ్యాపారం. జర్మనీలోని కాట్‌బస్‌లో చదువుకుందామని వచ్చినవాణ్ణి స్టుట్‌గార్ట్ పక్కన ఇనుము అమ్ముతూ తేలాను. ఇనుముతో ఒక సుఖముంది. ఇరవై కిలోలని రాసి ఉంటే ఇరవై కిలోలే తూగుతుంది.

వ్యాను దిగేసరికి వీధి కనబడలేదు. పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే, ఇల్లు నేలను వదిలి ఎక్కడో తేలుతున్నట్టుంది. ఎస్-బాన్ అనే లోకల్ రైలు ఎటునుంచో వచ్చి ఎటో పోయింది. చప్పుడు మాత్రం నా పక్కనుంచే వెళ్ళింది. తలుపు తీసిన రుమానా వెనక గది దీపం కూడా నీళ్ళలో ఉన్నట్టు కనిపించింది.

రుమానాది హైదరాబాదు. ఇక్కడ కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. కూతురు నబీలా పుట్టకముందు వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్ళేది. మూడేళ్ళుగా మానేసింది. భర్త జైద్‌కి సాయంత్రం షిఫ్టులు, పిల్లను వదిలి క్లబ్బుకి పోయే దారి లేదు. ఆరు వారాల్లో రాష్ట్ర పోటీలున్నాయి. ఇంట్లో సాధన చేసుకునే చోటుందని ఆ సాయంత్రం ఆరులోగా చెబితేనే కోచ్ ఆమె పేరు పంపుతాడు.

"చోటు లేకపోతే?" అని అడిగాను వారం కిందట.

"లేకపోతే ఇంకేమున్నది అన్నా. ఈ ఏడు కూడా టీవీల చూసుడే."

అందుకే టేపు తీసి కొలిచి, పడుతుందన్నాను.

నబీలా వరండాలో ప్లేట్ల మధ్య కూర్చుని వాటిని వేలితో తడుతూ, "రోట్... గెల్బ్... గ్రూన్..." అని జర్మన్‌లో రంగులు చెప్పుకుంటోంది. నేను గది తలుపును కీళ్ళ మీదనుంచి ఎత్తి, బేస్‌మెంటు గదిలో పెట్టి వచ్చాను. రబ్బరు పలకలు పరిచాం. నడినెత్తిన వేలాడే దీపాన్ని కూడా విప్పేశాను. తర్వాత రాడ్‌ను గోడకు సమాంతరంగా నేలమీద పెట్టాను.

ఆ గోడకూ ఈ గోడకూ మధ్య రెండు మీటర్ల ఇరవై అయిదు. రాడ్ పోగా ఇరవై నాలుగు సెంటీమీటర్లు. అటు పన్నెండు, ఇటు పన్నెండు.

"చూశావా? పట్టింది," అన్నాను.

రుమానా తుడుపుకర్ర తెచ్చి రాడ్ ఉన్నచోట నిలబడి కళ్ళు మూసుకుంది. వంగింది, లాగింది, భుజాలమీదికి తీసుకుంది. చేతిలో ఉన్నది ఉత్త కర్రే. కానీ ఆమె మోకాళ్ళు వణికిన తీరు చూస్తే గదిలోని గాలికి బరువొచ్చిందనిపించింది. కర్ర తలమీదికి లేచింది. అప్పుడు ఆమె ఎడమ కాలు తనంతట తానే అడుగు పక్కకి జరిగింది. టక్కున కర్ర గోడకి కొట్టుకుంది.

కళ్ళు తెరిచి, "గదే అన్నా సంగతి," అంది. "మీద బరువున్నప్పుడు మనిషి అటిటు ఊగుతడు. ఇనుము మంచిగనే పట్టింది. నేనే పట్టలే."

ఇరవై ఏళ్ళుగా సరుకును కొలుస్తున్నాను. ఎత్తే మనిషిని ఏనాడూ కొలవలేదు.

రాడ్‌ను రెండో వైపుకి తిప్పి చూశాను. కిటికీ కింద హీటరు ముందుకు పొడుచుకు వచ్చింది. దాన్ని తీసేస్తే మిగిలేది రెండు మీటర్ల ఇరవై ఎనిమిది. మూడు సెంటీమీటర్ల లాభంతో ఎవరు బతుకుతారు?

"ఆ హీటర్ పీకేద్దామా?"

"కిరాయి ఇల్లన్నా! ఓనర్ నన్ను పీకుతడు."

"పోనీ అడుగు పక్కకి వేయకుండా ఎత్తలేవా?"

"మీ నరసరావుపేట బస్సుల నిలబడి ఊగకుండ పోతావా నువ్వు?"

"మా ఊరి రోడ్ల జోలికి రాకు," అన్నాను. ఇద్దరం నవ్వాం కానీ, నవ్వు త్వరగా అయిపోయింది. ఆమె ఫోన్ తీసి కోచ్‌కి ఏదో టైపు చేసి, పంపకుండా అలాగే పట్టుకుంది. ఈ రాడ్ కావాలని పక్కనున్న ఎస్లింగెన్‌లో ఇంకొకాయన రెండుసార్లు అడిగాడు. నాకు నష్టమేమీ లేదు, సాయంత్రానికి అమ్ముడుపోతుంది. ఆ లెక్క మనసులో వేసుకున్నాను. సరిగ్గానే వచ్చింది, కానీ ఎందుకో దాంట్లో రుచి లేదు.

"సామాను తీసుకెళ్ళిపోనా అమ్మా?"

"జర ఆగన్నా. జుహర్ టైమయింది. నమాజ్ చదువుకొని మాట్లాడుత."

సామానంతా వరండాలోకి లాగి, నేను వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను. ఇంట్లో చప్పుడు లేదు. కిటికీ బయట పొగమంచు తెల్లగా వెలుగుతోంది, దానికి అటూ ఇటూ అనేదే లేదు. దిక్కులు తెలియని ఆ తెలుపులో కాసేపు నేనెక్కడున్నానో మరిచిపోయాను. ఏ సరుకూ దేనికీ తాకని, కొలతలే లేని చోటొకటి కళ్ళముందు మెదిలింది.

రుమానా చాయ్ పెడతానంటూ వచ్చాక, నా టేపు కోసం గదిలోకి వెళ్ళాను. ఆమె నమాజుకి పరిచిన జానమాజ్ ఇంకా నేలమీదే ఉంది. ఆకుపచ్చ తివాచీ, అంచుకు తెల్ల కుచ్చులు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

అది ఏ గోడకూ సమాంతరంగా లేదు. గదికి ఐమూలగా, కిటికీ పక్క మూలకేసి ముఖం పెట్టి ఉంది. గోడలు ఎటు తిరిగి ఉన్నాయో దానికి పట్టలేదు. గోడలు కట్టినవాడి లెక్క వేరు, దాని లెక్క వేరు. తివాచీకి రెండు పక్కలా నేల విశాలంగా, త్రికోణాలుగా విచ్చుకుని ఉంది. పొద్దుటినుంచీ అంత నేల ఆ గదిలో నేను చూడలేదు.

"రుమానా! ఇది ఎప్పుడూ ఇట్టాగే పరుస్తావా?"

"కాబా అటున్నదన్నా, ఇంకెటు పరుస్త?" చాయ్ గిన్నె చేతిలోనే పట్టుకుని వచ్చింది. "ఏమైంది?"

"అక్కడ నిలబడు. నమాజుకి నిలబడ్డట్టే. చేతులు పక్కకి చాపు."

ఆమె గిన్నె కింద పెట్టి, తివాచీ మడిచి, నిలబడి చేతులు చాపింది. ఒక చెయ్యి ఒక మూలకేసి, ఇంకో చెయ్యి ఎదుటి మూలకేసి పోయాయి. నేను ఒక మూలలో టేపు నొక్కిపెట్టి, ఆమె వీపు వెనకగా ఇంకో మూలకి లాగాను. మూడు మీటర్ల ఇరవై. రెండోసారి కొలిచాను. మూడు మీటర్ల ఇరవై.

"అరె," అంది రుమానా.

తర్వాత నాకే ఒక సందేహం వచ్చింది. "మరి నమాజుకి చోటు? రాడ్ సరిగ్గా నువ్వు నిలబడే చోటే వస్తుంది."

"ఎత్తుడైనంక మూలకు నిలబెడత. రబ్బరు మీద జానమాజ్ ఏస్తే మోకాళ్ళకు మెత్తగనే ఉంటది," అంది. "ముసలిదాన్నయితున్న గదా."

"ముప్పై రెండేళ్ళకా!"

"నలభై అయిదు కిలోలు ఎత్తినంక చెప్త ఎంత వయసో."

రబ్బరు పలకలు మళ్ళీ పరిచి, రాడ్ ఐమూలగా పెట్టాం. దానికి చెరో పక్క పదిహేను కిలోల పసుపు ప్లేటు. మిగతా ప్లేట్లను ఎదుటి మూలలో పేర్చాను. రుమానా అరచేతులకు సుద్దపొడి రాసుకుంది. ఆ పొడి పైకి లేచి, కిటికీలోంచి వచ్చే తెల్లటి వెలుగులో కలిసిపోయింది. బయటి పొగమంచు లోపలికి వచ్చిందో, లోపలిదే బయటికి పోయిందో తెలియలేదు. నబీలా గుమ్మంలో వేలు నోట్లో పెట్టుకుని చూస్తోంది.

వంగింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. పసుపు ప్లేట్లు రెండూ నేలను వదిలి, చప్పుడు లేకుండా భుజాల ఎత్తుకు వచ్చాయి. ఒక్క ఊపిరి. తర్వాత తలపైకి. అక్కడ కాసేపు ఆ ఇనుము, తన మీద రాసి ఉన్న అంకె మరిచిపోయినట్టు, ఊరికే గాలిలో ఉంది. ఆమె కాలు అడుగు పక్కకి జరిగింది. ఇంకో అడుగు. రాడ్ కొస గోడవైపు వెళ్ళి, గోడకు జానెడు ఇవతల ఆగి, వెనక్కి వచ్చింది.

మెల్లగా కిందికి దించి, ఫోన్ తీసి, ఇందాక టైపు చేసింది చెరిపేసి కొత్తగా ఒక్క మాట రాసి పంపింది. అప్పటికి మధ్యాహ్నం మూడు కూడా కాలేదు. కోచ్ జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ పంపాడు.

ఇక లెక్క. గది ఒక్క సెంటీమీటరు కూడా పెరగలేదు. రాడ్‌కి అటు యాభై తొమ్మిదిన్నర, ఇటు యాభై తొమ్మిదిన్నర సెంటీమీటర్లు దొరికాయి, అవి ముందునుంచీ ఉన్నవే. పోటీ జాబితాలో రుమానా పేరు చేరింది. నేనిచ్చిన మాట నిలబడింది. నిలబెట్టింది నేను కాదు కాబట్టి దాన్ని నా పద్దులో వేసుకోను. ఆ రోజునుంచి ఎవరి గది కొలవబోయినా, టేపు తీసేముందు ఆ ఇంటివాళ్ళను లోపలికి పిలిచి, "మీరు ఎటు తిరిగి నిలబడతారు?" అని అడుగుతున్నాను. నికరంగా నాకు మిగిలింది అదే.