రాగి మానేయమన్నారు

బాలకిషన్ చేతులు వణకడం మొదలవగానే కొత్తవాడ పేటంతా తాగుబోతని తేల్చేసింది. కల్లు వాసనే గిట్టని మనిషిని! మగ్గం మీద జంపఖానా అంచు వంకరపోతుంటే సేటు తిట్టేవాడు. అన్న కైలాసం ఎమర్జెన్సీ ఏడాది ఇదే వయసులో కామెర్లతో, కడుపుబ్బి పోయాడు. తనకూ అదే గతేమోనని బాలకిషన్‌కు లోలోపల ఒకటే దడ.

దవాఖానలో గుంటూరు వైపు నుంచి వచ్చిన డాక్టరు అన్ని పరీక్షలూ చేయించాడు.

"నీ ఒంటికి రాగి పడదయ్యా. బయటికి పోకుండా కాలేయంలో, మెదడులో పేరుకుంటోంది. ఈ మాత్రలు మింగు. రాగి పూర్తిగా మానెయ్."

రాగిని ఎవడు తింటాడు? బస్సులో బుర్ర గోక్కుంటుంటే తట్టింది: మన తైదలను ఆంధ్రావాళ్లు రాగులంటారు కదా! తన తెలివికి తానే మురిసిపోయి, ప్రాణమైన తైదంబలి ఆ రోజే బంద్ చేశాడు.

నెలలు గడిచాయి. వణుకు పెరిగింది, మాట ముద్దముద్దగా వస్తోంది.

"నోరు కట్టుకున్న, గోలీలు మింగుతాన. అయినా గిదేందే అవ్వా!"

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అంటూ తల్లి పోశవ్వ, రాత్రంతా రాగిచెంబులో ఉంచిన నీళ్లు రోజూలాగే పొద్దున్నే తాగించింది. కామెర్లు దగ్గరికి రావని ఆమె నమ్మకం.

మళ్లీ పోయినప్పుడు డాక్టరు తిండీ నీళ్లూ గుచ్చిగుచ్చి అడిగితే చెంబు సంగతీ, అంబలి మానేసిన సంగతీ బయటపడ్డాయి. ఆయన తల పట్టుకున్నాడు.

"నేనన్నది చెంబు రాగి! అంబలి కొంచెం తాగితే ఏం కాదు. జబ్బు పుట్టుకతో వచ్చిందే, కానీ ఆ నీళ్లతో ఇంకా ముదరబెట్టుకున్నావు."

బాలకిషన్‌కు ఒళ్లు మండిపోయింది. డాక్టరు మీద, అమ్మ మీద, అన్నిటికంటే తన అతితెలివి మీద. ఇంటికి రాగానే చెంబును వాకిట్లోకి విసిరికొట్టాడు.

"ఇగ గిండ్ల నీళ్లు పోస్తే సస్తనే అవ్వా! డాక్టర్ మానుమన్న రాగి గిదేనట!"

పోశవ్వ సొట్టపడిన చెంబునే చూస్తూ కూలబడింది.

"కైలాసానికి కామెర్లయినప్పుడు సుత గిండ్లనే పోసిన గద బిడ్డా."

జబ్బు గురించి డాక్టరు చెప్పినవి రెండు మాటలు: పుట్టుకతో వచ్చిందని, ఆ నీళ్లతో ముదిరిందని. బాలకిషన్ మొదటిదే చెప్పాడు.

"గది పుట్టుకతోని వచ్చే బీమారి అవ్వా. నీళ్లది ఏం లేదు."

ఆమె నమ్మలేదు. అతను పక్కనే కూర్చుని, వణికే చేత్తో ఆమె భుజం పట్టుకున్నాడు.

"జర తైదంబలి కాసియ్యే. ఆకలైతాంది."