తెలుపు మీద ఎండ

ఆమె మొగుడి చెవుల వెనక సన్‌స్క్రీన్ రాస్తోంది. అతను గడప మీద కూర్చుని, ఒక బూటు తొడుక్కుని, రెండోదాని కోసం కాలితో తడుముతున్నాడు. బయట మంచు ఇంకా విడలేదు.

"ఇంత చలిలో ఎండేంటే?"

"చలి వచ్చిందని ఎండేమైనా సెలవు పెట్టిందా? కదలకు."

మెడ, ముక్కు, గడ్డం కింద. కింది పెదవి దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆగింది. పుండు చొక్కా గుండీ అంత ఉంది. దాని చుట్టూ జాగ్రత్తగా రాసి, మూత బిగించింది.

వాళ్లది డాబాల మీద, రేకుల కప్పుల మీద తెల్లరంగు వేసే పని. కింద గదులు చల్లగా ఉంటాయని జనం వేయించుకుంటారు. ఎండ పైనుంచే వస్తుందని ఆ పనిచేసే వాళ్లందరి లెక్క. అందుకని తలకు గుడ్డ చుట్టుకుంటారు, నిండు చేతుల చొక్కా వేసుకుంటారు. వేసవి దాటగానే అవన్నీ మూటగట్టి అటకెక్కిస్తారు. పెళ్లయిన నాటి నుంచీ వీళ్లూ అంతే. తాము వేసిన తెలుపే ఎండను కిందనుంచి మొహం మీదికి విసురుతుందని, మబ్బు పట్టినా చలి ముదిరినా అది మానదని డాక్టరమ్మ చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. పెదవి పగిలితే చలికి అనుకున్నారు. మానకపోతే వేడి చేసిందనుకున్నారు.

రేపు పొద్దున్నే ఆపరేషన్. అది క్యాన్సర్ పుండు, దాని వేళ్లు దవడలోకి, నాలుక అడుక్కి దిగాయి. అదంతా తీసేశాక మాట ఉంటుందో లేదో అడిగితే, డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుందే గానీ ఉంటుందని అనలేదు.

అందుకే ఆ రోజంతా ఆమె చెవులు అతని చుట్టే తిరిగాయి.

ముందే ఒప్పుకున్న గోదాము కప్పు ఒకటి మిగిలిపోయింది. ఆమె బకెట్లో రంగు కలిపి అందిస్తుంటే, అతనూ ఆమె తమ్ముడూ రోలర్లతో పరుచుకుంటూ వెనక్కి వెనక్కి వస్తున్నారు. ఎండ నులివెచ్చగా, ఒంటికి హాయిగా ఉంది. తమ్ముడు గుడ్డను మెడలో వేలాడేసుకున్నాడు.

"దాన్ని ముక్కు దాకా లాక్కోరా."

"ఊపిరాడదు బావా. పైగా బ్యాంకు దోచేవాడిలా ఉంటాను."

"నిన్ను చూస్తే బ్యాంకువాళ్లే జాలిపడి ఇచ్చేస్తార్లే. కట్టుకో."

కాసేపటికి గుడ్డ జారింది. మళ్లీ చెప్పాడు. అన్నం దగ్గర చెప్పాడు, రోలర్లు కడుగుతూ చెప్పాడు. పెదవి లాగుతుంటే కళ్లు గట్టిగా మూసుకుని మరీ చెప్పాడు. ఉన్న మాటలన్నీ తమ్ముడి గుడ్డకే అయిపోతున్నాయని ఆమె ప్రాణం ఉసూరుమంది. అంతలోనే సిగ్గేసింది. వాడి మేలు కోసమేగా.

ఇంటికొచ్చాక పాలు చల్లార్చి ఇచ్చింది. అతను గ్లాసును ఒక పక్కకి వంచుకుని కొద్దికొద్దిగా తాగాడు.

"ఏమయ్యా, పొద్దుట్నుంచీ వాడితోనే సరిపోయింది. నాతో ఏమీ చెప్పవా?"

"నీకు చెప్పేదేముందే? అన్నీ నీకు తెలిసినవేగా."

"తెలిసినవే చెప్పు."

అతను గ్లాసు కింద పెట్టి ఆమె పక్కకి జరిగాడు. పెళ్లయిన కొత్తలోనూ ఇంతే, పక్కన కూర్చుంటే చాలనుకునే మనిషి. మూతి తుడుచుకున్నాడు.

"పొద్దున చెప్తాలే. బాగా ఆలోచించి."

"ఇన్నేళ్లు ఆలోచించింది చాల్లేదా?" అని ఆమె నవ్వింది.

మర్నాడు ఆపరేషన్‌కు ఇచ్చిన మత్తులోంచి అతను మళ్లీ లేవలేదు. కానీ ఆ ఉదయం, తలుపు దగ్గర నిలబడినప్పుడు, ఆమెకు ఆ సంగతి తెలియదు. మగవాళ్ల వార్డులోకి ఆడవాళ్లను సాయంత్రమే రానిస్తారని తమ్ముడు ఒక్కడే తోడు వెళ్తున్నాడు. వాడు సంచి పట్టుకుని వీధిలో నిలబడ్డాడు.

అతను గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆమె ఎదురుగా ఆగాడు. నోరు తెరిచాడు. అంతలోనే పుండు చిట్లి రక్తం ఊరింది. నోరు మూసుకున్నాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

లోపల, అద్దం కింద నిలబెట్టిన గడ్డం బ్రష్ కుచ్చుకు నురగ ఇంకా తడిగానే ఉంది.