బిగిసిన కుట్లు

బురుల్ ఆ పూట కత్తి పట్టకుండా ఉండాల్సింది. పట్టింది.

షిర్డక్ అనే ఉన్ని తివాచీ కోయడమంటే మాటలా? తడిపి, తొక్కి గట్టిపరిచిన ఉన్ని చాపలు రెండు, ఎర్రదొకటి నల్లదొకటి, ఒకదానిమీద ఒకటి పరిచి సుద్దగీత వెంబడి రెంటినీ ఒకే కోతలో కోయాలి. ఎర్రదాంట్లోంచి ఊడిన పొట్టేలుకొమ్ము ఆకారపు ముక్క నల్లదాంట్లో కూర్చుంటుంది, నల్లదాంట్లోది ఎర్రదాంట్లో. ఆవగింజంత ముక్క వృథా పోదు. కానీ చెయ్యి తప్పితే పోయేది ఒకటి కాదు, రెండూ పోతాయి. నారిన్ కొండల్లోని ఆ ఊళ్ళో బురుల్‌ని మించిన కోత చెయ్యి లేదని అందరూ ఒప్పుకున్నారు. కడుపుమంటతోనైనా సరే, ఒప్పుకున్నారు.

అటువంటి చెయ్యి ఆ మధ్యాహ్నం కొమ్ము మలుపు దగ్గర జారింది. తెగకూడనిచోట తెగింది. సరిగ్గా అప్పుడే మూడేళ్ళ ఐదాయ్ బూట్ల కాళ్ళతో చాప మీదికి వచ్చింది. బురుల్ చెయ్యి లేచి పిల్ల చెంప మీద పడింది.

పిల్ల వెంటనే ఏడవలేదు. నోరు తెరుచుకుని తల్లి మొహంలోకి చూసింది. కొట్టింది అమ్మేనా అన్నట్టు చూసింది, ఆ తర్వాత ఏడుపు లంకించుకుంది. బురుల్ కత్తి విసిరేసి, గోడకి చేరగిలబడి తనూ ఏడ్చింది. ఏం తల్లిని నేను, ఛీ, నేను పోతే అందరికీ సుఖం అనుకుంది. నిజంగానే అనుకుంది, మాటవరసకి కాదు.

ప్రతి నెలా ఇదే వరస. నాలుగైదు రోజులు తనకి తానే పరాయిదైపోయేది. టీ గిన్నె చప్పుడైతే అగ్గిమీద గుగ్గిలం. మొగుడు మెదెర్ "ఏమైంది?" అని అడిగితే గొడవ, అడక్కపోతే ఇంకా పెద్ద గొడవ. అన్నిటికంటే పాడుది ఆ కోపం కింద ఉండే దిగులు. దానికి అడుగు దొరకదు. ఆ తర్వాత నెలసరి వచ్చేది, మబ్బు విడిపోయేది, హమ్మయ్య అనుకుని అంతా మర్చిపోయేది. మర్చిపోవడమే ఆమె చేసిన అసలు తప్పు.

పిల్ల ఏడుపు ఏటి అవతలి గట్టు దాకా వినబడింది. ఆ గట్టున ఉండేది బోలోత్, అతని భార్య కలీచా. పెళ్ళై పన్నెండేళ్ళయినా వాళ్ళకి పిల్లల్లేరు.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ వచ్చారు. కలీచా చేతిలో తెల్ల గుడ్డలో చుట్టిన రొట్టె ఉంది. ఉట్టి చేతులతో రాలేదంటే ఊరికే రాలేదని అర్థం. ఇంటి పెద్ద, బురుల్ అత్తగారు జూరకాన్ గుమ్మానికి ఎదురుగా గౌరవ స్థానంలో కూర్చుని ఉంది. కళ్ళకి శుక్లాలు కమ్మి ఆమెకు మనుషులు నీడల్లా కనిపిస్తారు. అయినా రొట్టె వాసన పట్టేసింది.

బురుల్ టీ పోసింది. కలీచా గిన్నె ముట్టుకోలేదు.

"బురుల్, ఒక్క మాటంటాను, కోప్పడకు. పిల్లని మాకిచ్చెయ్యవే. ఏటికి ఆ పక్కనేగా ఉంటాం. నీకింకా పుడతారు. నా ఒళ్ళు చూడు, పన్నెండేళ్ళుగా ఖాళీ. దెబ్బలు తినే పిల్ల ఒకచోట, దెబ్బైనా కొట్టడానికి పిల్లలేని నేను ఒకచోట. ఇదేం న్యాయమే?"

పిల్లల్లేని ఇంటికి తమ బిడ్డనివ్వడం ఆ ఊరికి వింత కాదు. బోలోత్ కూడా అలా వెళ్ళినవాడే. జూరకాన్ కడుపున తొలిచూలుగా పుట్టాడు, ఏడాది నిండగానే ఏరు దాటి ఆమె తోడికోడలి ఇంటికి చేరాడు. కన్నతల్లిని నలభై ఏళ్ళుగా పిన్నీ అని పిలుస్తున్నాడు. కడుపుకోత ఓర్చుకుని తొలి బిడ్డనిచ్చిన పెద్దమనసు అని ఊరు జూరకాన్‌ని ఇప్పటికీ మెచ్చుకుంటుంది. అడగాలి, ఇస్తాననాలి, పెద్దల ముందు రొట్టె విరవాలి. రొట్టె విరిగాక ఇక తిరుగుండదు.

మెదెర్ గొంతు సవరించుకున్నాడు. "వదినా, అది..." అన్నాడు. అంతకు మించి రాలేదు. నోట్లో నాలుక లేని మనిషి.

బురుల్ కూతురి వంక చూసింది. చెంప మీద ఎరుపు లేదు, ఎప్పుడో పోయింది. ఆమెకి మాత్రం కనిపిస్తూనే ఉంది.

"తీసుకెళ్ళక్కా," అంది. "నా దగ్గరుంటే దానికి మిగిలేది దెబ్బలే. నేను తల్లిగా పనికిరాను."

ఆ మాట అనగానే గుండె మీంచి బండ దిగినట్టయింది. ఎంత హాయిగా ఉందో! కలీచా కళ్ళు చెమర్చాయి. గబగబా గుడ్డ విప్పి రొట్టె మీద చెయ్యి వేసింది.

"ఆగు," అంది జూరకాన్. తడుముకుంటూ ముందుకు వంగి రెండు అరచేతులూ రొట్టె మీద పరిచేసింది.

"ఏంటి అత్తయ్యా? తల్లే ఇస్తానంటోందిగా!" అంది కలీచా.

"ఇస్తానంటోంది బురుల్ కాదు. రేపో ఎల్లుండో దానికి నెలసరి వస్తుంది. ముందు నాలుగు రోజులూ అది మనిషి కాదు. ఆ నాలుగు రోజుల మాట నేను లెక్కలోకి తీసుకోను."

మగవాళ్ళిద్దరూ టీ గిన్నెల్లోకి మొహాలు దాచుకున్నారు. మెదెర్ చెవులు ఎర్రబడ్డాయి. బోలోత్ మాత్రం కాసేపటికి తలెత్తి జూరకాన్ వంక చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు.

"పదిరోజులాగి రండి. అప్పుడూ ఇస్తానంటే నా చేత్తో నేనే విరుస్తాను," అంది జూరకాన్.

వాళ్ళు గడప దాటారో లేదో బురుల్ విరుచుకుపడింది. "నా నెలసరి గురించి వీధిలో టముకు వేయించండి, ఇంకా బాగుంటుంది! అంత లోకువైపోయానా అత్తయ్యా నేను?"

"అరుచుకో, అరుచుకో. ఇంకో రెండు రోజులు అరుస్తావు. ఆ తర్వాత నా కాళ్ళు పట్టుకుంటావు. అప్పుడు నేను అరుస్తాను."

"మీకెలా తెలుసు నా రోజులు?"

జూరకాన్ కోత కత్తిని గుడ్డలో చుట్టి తన దిండు కింద పెట్టుకుంది. కోడలి చేతిలో రెండు పొడుగాటి బాదుడు కర్రలు పెట్టి, "కొట్టంలో మూడు గొర్రెల ఉన్నుంది. వెళ్ళి బాదు. పిల్ల నా దగ్గరుంటుంది," అంది.

బురుల్ ఆ రెండు రోజులూ ఉన్ని బాదింది. తోలు మీద పరిచిన ఉన్నిలో కలీచాని బాదింది, మొగుణ్ణి బాదింది, అత్తగారికి మరో నాలుగు ఎక్కువే వేసింది. ఊపిరాడని దుమ్ము. చేతులు బొబ్బలెక్కాయి. దిగులు పోలేదు కానీ, దానికి చేయడానికి ఒక పని దొరికింది. మూడో రోజు పొద్దున్న నడుం పట్టేసి నెలసరి వచ్చింది.

మధ్యాహ్నానికల్లా మబ్బు విడిపోయింది. ఎప్పుడూ విడిపోయేదే. కానీ ఈసారి మర్చిపోవడానికి లేకుండా పోయింది. నిద్రపోతున్న కూతురి పక్కన పడుకుని ఆ చిన్న పాదం గుప్పిట్లో పట్టుకుంటే, ఇచ్చేసేదాన్నే అన్న సంగతి గుర్తొచ్చింది. లేచి వెళ్ళి నిజంగానే అత్తగారి కాళ్ళు పట్టుకుంది.

జూరకాన్ అరవలేదు. "ఆ చెయ్యి ఇలా తే," అంది.

కోడలు శరదృతువు నుంచీ కుడుతున్న షిర్డక్ పక్కనే ఉంది. అంచు వెంబడి రోజుకొక జాన చొప్పున కుట్టుకొచ్చింది. అత్తగారు బురుల్ వేలు పట్టుకుని ఆ కుట్ల మీద నడిపించింది. సమంగా, మెత్తగా ఇరవై మూడు, ఇరవై నాలుగు జానలు. ఉన్నట్టుండి కుట్లు బిగిసిపోయాయి. ఉన్ని ముడతలు పడేలా, దారం తెగేలా లాగిన కుట్లు. నాలుగైదు జానలు అలా. మళ్ళీ మెత్తన. మళ్ళీ ఇరవై చిల్లర జానలకి బిగువు.

"నాకు కళ్ళు లేవుగానీ వేళ్ళున్నాయి. నాలుగు నెలలుగా తడుముతున్నాను. నెలసరి రోజున నువ్వు నడుముకి చుట్టుకునే శాలువా వాసన కూడా తెలుసు నాకు. రెండూ కలుపుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

జూరకాన్ తను కూర్చున్నచోటు నుంచి పక్కకి జరిగింది. ఆమె కింద ఎప్పుడూ పరిచి ఉండే పాత షిర్డక్, రంగులు వెలిసి బూడిదైపోయింది. దాని అంచు ఎత్తి కోడలి వేలు దాని మీద పెట్టింది. మెత్తన. మెత్తన. తర్వాత బిగువు. ఆ బిగువులు బురుల్‌వాటికంటే ఘోరంగా ఉన్నాయి. ఒకచోట సూది విరిగి ఇనపముక్క లోపలే ఉండిపోయింది.

"ఆ సూది దగ్గర," అంది ముసలామె. "అక్కడే ఇచ్చేశాను వాణ్ణి."

బురుల్ వేలు ఆ ఇనపముక్క మీదే ఉంచింది.

"పళ్ళొస్తున్నాయి, రాత్రీ పగలూ ఏడ్చేవాడు. నాకు చెవుల్లో ఆ ఏడుపు తప్ప ఇంకేం లేదు. మా తోడికోడలు వచ్చి నవ్వులాటకే అంది, నాకిచ్చెయ్యరాదూ అని. తీసుకుపో, పీడ విరగడైపోతుంది అన్నాను. కన్నబిడ్డని పీడ అన్నానే! ఆవిడ పరిగెత్తికెళ్ళి రొట్టె తెచ్చింది. మా మామగారి ముందు విరిచాను. మూడో రోజు నెలసరి వచ్చింది, కళ్ళు తెరుచుకున్నాయి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు చూడు. ఊరంతా వచ్చి నా పెద్దమనసుని మెచ్చుకుంది. ఏం చెప్పను వాళ్ళకి? మెచ్చుకోలు మింగి కూర్చున్నాను. నలభై ఏళ్ళు." ఎత్తిన అంచు దించేసి అంది, "చెప్పాలంటే ఇదంతా చెప్పాలి. అందుకే నీకు చెప్పలేదు. పదిరోజులాగమనే మనిషి ఒక్కరు లేకపోయారే నాకు, ఒక్కరు."

ఆ వారమే బురుల్ ఊరి నర్సు దగ్గరికి వెళ్ళింది. ఇది చాలామంది ఆడవాళ్ళకి వచ్చేదేననీ, కొందరికి మరీ ఎక్కువగా వస్తుందనీ నర్సు చెప్పింది. రోజులు రాసుకోమంది. బతకాలనిపించని ఆలోచన వస్తే దాచుకోకుండా ఎవరికైనా చెప్పమంది, పట్నంలో డాక్టరుకి చూపిస్తే మందులున్నాయంది. మెదెర్ మర్నాడే పట్నానికి బండి మాట్లాడాడు. గోడ క్యాలెండరులో వచ్చే నెల నాలుగు రోజుల చుట్టూ వడ్రంగి పెన్సిలుతో సున్నాలు చుట్టాడు.

"ఈ రోజుల్లో ఏమైందని అడగాలా, అడక్కూడదా?" అన్నాడు.

"అడగొద్దు. టీ పెట్టివ్వు చాలు," అంది బురుల్. ఇద్దరికీ నవ్వొచ్చింది.

పదో రోజు కలీచా, బోలోత్ మళ్ళీ వచ్చారు. కొత్త రొట్టె, అదే తెల్ల గుడ్డ. కలీచా అడగలేదు. అడిగే ధైర్యం పోయింది పాపం, గుడ్డ కొస నలుపుతూ కూర్చుంది.

"ఇవ్వలేనక్కా," అంది బురుల్. "ఆ రోజు నోరు నాదే, మాట నాది కాదు. నన్ను క్షమించు."

కలీచా తల ఊపింది. కన్నీళ్ళు గుడ్డ మీద పడుతుంటే తుడుచుకోనైనా లేదు. ఆమె తప్పేముంది? అడిగింది, అంతే. బురుల్ జరిగి ఆమె పక్కన కూర్చుంది.

"అక్కా, ఒక మాట. ఆ నాలుగు రోజులూ నెలనెలా ఐదాయ్‌ని నీ దగ్గరికి పంపిస్తాను. నాకు ఊపిరాడుతుంది. ఐదో రోజు మాత్రం నేనే వచ్చి తెచ్చుకుంటాను, నువ్వు ఏడ్చినా సరే."

"అద్దెకిస్తావుటే పిల్లని?" అంది కలీచా, ముక్కు ఎగబీలుస్తూ.

"అద్దెకే. బూట్లు విప్పకుండా చాపలు తొక్కుతుంది. ముందే చెబుతున్నా."

జూరకాన్ రొట్టె తీసుకుని ముక్కలు చేసింది. "ఇప్పుడిది ఉట్టి రొట్టె. తినండి," అంది.

అందరూ తీసుకున్నారు. బోలోత్ తన ముక్క చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. పది రోజులుగా మోసుకు తిరుగుతున్న మాట అప్పుడు దించాడు.

"పిన్నీ, నన్నిచ్చిన రోజు... అది కూడా అటువంటి రోజేనా?"

జూరకాన్ చెయ్యి పాత షిర్డక్ అంచుకి పోయి అక్కడ ఆగిపోయింది.

"అవును నాన్నా."

"మరి ఆ తర్వాత? రాలేదా నా కోసం?"

"వచ్చాను. మూడో రోజే వచ్చాను. పాలు పొంగి గౌను తడిసిపోయింది. మీ కిటికీ దాకా వచ్చాను. ఆవిడ నీకు ఆవుపాలు పడుతోంది. నువ్వు నవ్వుతున్నావు. రొట్టె విరిచిన చేత్తో ఆ తలుపు ఎలా తట్టను?"

బోలోత్ తన ముక్కని రెండుగా తుంచి, ఒక సగం టీలో ముంచి, ముసలామె చెయ్యి వెతికి అందులో పెట్టాడు.

"తిను పిన్నీ," అన్నాడు. వేరే పిలుపు అతని నోటికి అలవాటు లేదు.