అంచున నిప్పున్న తూటా

తెల్లవారేసరికి చిక్కుడు మడిలో మరొక సాలు నేలమట్టమైంది. డెల్ఫియా చేతిలోని గంపను గట్టు మీదికి విసిరి, కొండవాలు వైపు చూసింది. రాళ్ళ కట్ట కింద బొరియలో నుండి బూడిదరంగు తల ఒకటి నిటారుగా లేచి, ఈల వేసి మాయమైంది. పిల్లిని మించిన లావు, ఉడుత పళ్ళు, పందికొక్కు బుద్ధి. పశ్చిమ వర్జీనియా కొండల్లో దాన్ని ఈలపంది అంటారు.

గనిలో భర్త హార్లన్ పోయిన తరువాత డెల్ఫియాకు మిగిలిన నేల ఆ మడి ఒక్కటే. అదైనా నోటిమాట మీద మిగిలినది. సాగు చేసినన్నాళ్ళు కోడలిది, బీడుపడితే చిన్నకొడుకు డెంజిల్‌ది అని మామగారు పోతూ పోతూ చెప్పాడు. అన్న శవపేటిక గడప దాటిన నాడే గోడ మీది తుపాకులు దించుకుపోయిన డెంజిల్, ఆ మాటను మరచిపోతాడా? తుపాకులు మగవారి సొత్తని ఆనాడు అన్నాడు. ఈలపందులను తానే వచ్చి కాలుస్తానని కూడా అన్నాడు. విత్తు మొలిచింది, తీగ పాకింది, పూత వచ్చింది. అతడు మాత్రం రాలేదు.

ఆ ఉదయం వచ్చాడు. తుపాకితో కాదు, ట్రక్కులో కంచె తీగ చుట్టలతో.

"ఏం వదినా, కాయలు నువ్వు తింటున్నావా, అవి తింటున్నాయా?"

"కాలుస్తానన్నావుగా డెంజిల్."

"తీరికుండొద్దూ! అయినా ఎందుకు నీకీ తంటా? ఈ ఏడు కాయ ఇంటికి రాలేదంటే బీడు కిందే లెక్క. నా ఆవుల్ని తోలేస్తా. తీగ ఇక్కడే పడేసి పోతున్నా, మళ్ళీ మోయడమెందుకు?"

చుట్టలు దొర్లించి వెళ్ళిపోయాడు. డెల్ఫియా ఇంట్లో కూర్చోలేకపోయింది, పొలంలో నిలవలేకపోయింది. పొయ్యి మీద మొక్కజొన్న రొట్టె మాడుతున్నా దించకుండా టోపీ పెట్టుకుని బజారుకు నడిచింది.

ఇనప సామాన్ల దుకాణదారు బర్ల్ ముక్కు మీది కళ్ళజోడు పైకి తోశాడు. "తుపాకా? ఎవరికమ్మా, మేనల్లుడికా?"

"నాకు."

"నీకా! కుట్టుమిషన్లు అటుపక్కన ఉన్నాయి మరి."

"కుట్టుమిషన్‌తో ఈలపందిని చంపగలిగితే అదే కొందును. ఆ చిన్నది దించండి."

అతడు నవ్వి, ఎవరో వాడి అమ్మేసిన, 'ఇరవైరెండు' అనే సన్నగుండు రకం తుపాకిని దించాడు. సన్నని గొట్టం, భుజానికి ఆన్చే అరిగిన వాల్‌నట్ కర్ర మడమ, వెనక్కి లాగి తూటా పెట్టే గొళ్ళెం. ఇంకేదో చెప్పబోయాడు కాని, డెల్ఫియా తుపాకికీ తూటాలకూ డబ్బు బల్ల మీద పెట్టి అప్పటికే తలుపు దాటింది.

తుపాకి వాడకం ఆమెకు కొంత తెలుసుననే అనుకుంది. జింకల వేట మొదలు కాకముందు హార్లన్ వంటింట్లో కూర్చుని, తూటా పెట్టని ఉత్త తుపాకిని దీపానికి గురిపెట్టి, వేలికి అలవాటు కోసం మళ్ళీ మళ్ళీ మీట నొక్కేవాడు. ఆ కొండల్లో మగవాళ్ళందరూ చేసే పనే అది. ఆమె కూడా రోజూ మధ్యాహ్నమల్లా కిటికీ బయటి గుమ్మడికాయకు గురిపెట్టి నొక్కేది. టక్. టక్. చర్చిలో ప్రార్థన చదువుతున్నప్పుడు సైతం ఆమె చూపుడువేలు తనంతట తానే వంగుతుండేది.

తరువాత ఒక వేకువన ఈలపంది మడి నడుమకు వచ్చి కూర్చుంది. డెల్ఫియా తూటా పెట్టింది. గొళ్ళెం చివరిదాకా పోలేదు. బలంగా నెట్టి మీట నొక్కింది. టక్. పేలలేదు. ఇంకొకటి పెట్టింది. అదీ అంతే. ఆ జంతువు ఆమెనే చూస్తూ తీరికగా మరొక తీగ నమిలింది.

పొరుగున ఓర్ఫా పిన్ని వసారాలో ఎండబెట్టడానికి చిక్కుళ్ళు దారానికి గుచ్చుతోంది. పెళ్ళి కాకముందు నుండీ తన కూరలోకి ఉడుతలను తానే కొట్టుకునే మనిషి ఆమె.

"పిన్నీ, ఆ బర్ల్ నన్ను మోసం చేశాడు! చచ్చిన తుపాకి అంటగట్టాడు."

"అరవకు పిల్లా, చెవుడు నాకింకా రాలేదు. ఇలా తే."

ముసలామె గొళ్ళెం ఊడదీసి, తూటా కూర్చునే గదిని వెలుతురుకు పెట్టి చూసింది. "ఉత్తది ఎన్నిసార్లు నొక్కావే?"

"రోజూ నొక్కాను. హార్లన్ చేసేవాడుగా?"

"హార్లన్‌ది జింకల తుపాకి. దాని తూటాకి నిప్పు నడిబొడ్డున ఉంటుంది. తూటా లేకపోతే, మీట నొక్కగానే దూకే సూది గాల్లో పొడిచి ఊరుకుంటుంది. దీని తూటాకి నిప్పు అంచున. సూది అంచునే పొడుస్తుంది. అక్కడ తూటా లేదనుకో, కన్నతల్లినే పొడుస్తుంది. చూడు, గది పెదవి మీద ఎంత గంటు పడిందో! తూటా ఇంక లోపలికెలా పోతుంది?"

డెల్ఫియా వంగి చూసింది. ఉక్కు మీద చీలిన గోరులా ఒక నొక్కు. ఆమె ముఖం కందిపోయింది.

"మరి బర్ల్‌ని తిట్టావే? వాడేం చేశాడు?"

"ఏమీ చేయలేదు. చెప్పబోతే నేనే వినలేదు."

"ఆ మాట నాకు కాదు, వాడికి చెప్పు."

డెల్ఫియా వెళ్ళి చెప్పింది. తనకు న్యాయం కావాలని తిరిగే మనిషి మరొకరికి అన్యాయం చేసి ఊరుకోరాదని ఆమెకు తెలుసు. బర్ల్ కొసతేలిన ఉక్కుపుల్లను గదిలో దూర్చి, మెల్లగా తిప్పుతూ పెదవిని మళ్ళీ వెలుపలికి వత్తాడు. ఆ సాయంత్రం ఓర్ఫా వసారాలో చదువు మొదలైంది.

"వేలికి అలవాటు కావాలంటే పేలిన గుల్ల పెట్టి నొక్కు. తుడిచేపుల్ల వెనకనుంచే దూర్చు. మూతినుంచి దూరిస్తే మూతి అరుగుతుంది, అరిగిన మూతిలోంచి గుండు సూటిగా పోదు. నూనె ఒక్క చుక్క చాలు, తలంటు పోసుకుంటున్నావా ఏంటి? చెమట చెయ్యి గొట్టానికి తగిలిందా, తుడు. ఇంకోటి, వెనకాల మట్టి కనిపించనిదే కాల్చకు. ఈ బుల్లి గుండు కొండ దాటి ఎవరి పెరట్లోనో పడుతుంది."

"ఇంకెంతకాలం పిన్నీ ఇది? మడి ఖాళీ అయిపోతోంది!"

"తొందరపడేవాళ్ళ పంట ఈలపందికే."

చివరకు ఒక సాయంకాలం డెల్ఫియా చిక్కుడు పందిరి వెనుక బోర్లా పడుకుంది. మోచేతుల మీద చీమలు పాకుతున్నాయి. లేచి పరుగెత్తాలని ఒళ్ళంతా ఒకటే తహతహ. ఈలపంది వచ్చింది. వెనుక మట్టిగట్టు ఉంది. తూటా మెత్తగా కూర్చుంది. ఎండుకొమ్మ విరిగినంత చప్పుడు. జంతువు పక్కకు ఒరిగింది, మళ్ళీ కదలలేదు.

దారి పక్కన ట్రక్కులోంచి కంచె గుంజలు దింపుతున్న డెంజిల్ ఆ చప్పుడుకు పరుగున వచ్చాడు. "ఎవరు కాల్చింది?"

"నేనే."

అతడు చచ్చినదాన్ని కాలితో తిప్పి చూశాడు. "ఒకటి పోయిందిలే వదినా. బొరియలో పిల్లలు బోలెడు. నీవల్లయ్యేది కాదు. పంటలో సగమియ్యి, మిగతావి నేను చూసుకుంటా."

"పూతప్పుడు వచ్చుంటే సగమిచ్చేదాన్ని. ఇప్పుడు నీ తీగ నువ్వు తీసుకుపో. రేపు కాయ కోస్తున్నా, దారికి అడ్డం."

"కాలుస్తానని నేనేదో మామూలుగా అన్న మాటకి అంత..."

"మీ నాన్న మాట మామూలు మాటేనా డెంజిల్? మడి సాగులో ఉంది, కళ్ళారా చూడు."

డెంజిల్ చూశాడు. మిగిలిన సాళ్ళ నిండా కాయ వేలాడుతోంది. 

డెల్ఫియా గొళ్ళెం లాగింది. వేడి గుల్ల ఎగిరి గడ్డిలో పడింది. మరొక తూటా పెట్టేలోగా రాళ్ళ కట్ట పైన ఆకులు అలికిడి చేశాయి.

"ముందు నిలబడకు, నా వెనక్కి రా," అంది కళ్ళు అటునుండి తిప్పకుండానే.

డెంజిల్ తన తీగ చుట్ట ఒకటి భుజానికెత్తుకుని, ఆమె వెనుకగా నడిచి పోయాడు.