క్లచ్ మీద కాలు

నా రాతలో తప్పులుంటే మన్నించాలి. యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒక్కో మాట కూడబలుక్కుని రాయడంతో ఇది ముగించడానికి చాలా ఆలస్యమైంది.

మాకు ఒక ఇల్లుబండి ఉంది. మా ఆయన పోలారావు పాత వ్యాను కొని, లోపల మంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించాడు. యాత్రలకు వెళ్లే కుటుంబాలను ఎక్కించుకుని ఆయన నడిపేవాడు, నేను వండేదాన్ని. పోయిన వానాకాలం పూరీ నుంచి వచ్చి బండిని మా జీడితోటలో ఆపాడు. ఇంజను ఆపాడు గానీ క్లచ్ మీద కాలు తియ్యలేదు. అలాగే సీట్లో ఒరిగిపోయాడు.

కొన్నాళ్లకు, ఎవరూ తొక్కకుండానే, తెల్లారి చూస్తే క్లచ్ పెడల్ నేలకు దిగిపోయి ఉండేది. మా అత్త వరహాలమ్మ వంగి ఆ పెడల్‌ని చేత్తో తడిమింది.

"నా కొడుకు ఇంకా కాలు తియ్యనేదే," అంది.

పోయినవాళ్లకు ఇష్టమైనది నెలనెలా పెట్టడం మా ఇళ్లలో అలవాటు. అత్త ఏం పెడుతోందో నేను అడగలేదు.

శివరాత్రికి కోటబొమ్మాళి కుటుంబం ఒకటి, చిన్నపిల్లలతో, మహేంద్రగిరికి బండి మాట్లాడుకుంది. కొండ దిగేటప్పుడు బ్రేకు పడకపోతే లోయలోకే. కాశీబుగ్గ నుంచి మెకానిక్ కన్నయ్యను పిలిచాను. బ్రేకుకీ క్లచ్‌కీ ఆయిల్ పోసే డబ్బా మూత తీశాడు. చలికి పైన తెల్లగా పేరుకుని ఉంది. పక్కనే నిలబడ్డ అత్తను అడిగాడు.

"ఏటిది మామ్మా? పెరుగు తోడెట్టీసినారా?"

"కొబ్బరినూనె. మన సెట్ల కాయలదే. తలకి అదే రాసీవోడు. పోసిందల్లా తాగీసినాడు."

"తాగనేదు మామ్మా, కింద కారిపోనాది. ఈ నూనెకి లోపల రబ్బర్లన్నీ ఉబ్బిపోనాయి. ఇలాగెళ్తే కొండమీద బండి ఆగదు."

"అయితే ఎళ్లకండి. నా కొడుకుని కదపకండి."

"పిల్లలెక్కే బండి అత్తా," అన్నాను.

కన్నయ్య పాత ఆయిలంతా తీసి, గొట్టాలు కడిగి, రబ్బర్లు మార్చి, కొత్త ఆయిల్ పోశాడు. ముందు బ్రేకులు సరిచేసి క్లచ్ దగ్గరికి వచ్చాడు. గొట్టంలో గాలి మిగిలితే పెడల్ గట్టిపడదు. ఒకరు పైన తొక్కి పట్టుకుంటే ఇంకొకరు కింద నట్టు వదిలి ఆ గాలి తియ్యాలి. నేను మా ఆయన సీట్లో కూర్చున్నాను. కన్నయ్య కిందికి దూరి, సన్నని పైపు తగిలించి, దాని కొసను ఆయిలున్న సీసాలో ముంచాడు.

"తొక్కక్కా. అలాగే పట్టు."

సీసాలో బుడగలు లేచాయి. అత్త దాని పక్కనే చతికిలబడింది.

"ఊపిరి! ఒరే కన్నయ్యా, ఆపరా. నా కొడుకు ఊపిరి తీసేత్తన్నావు."

"గాలి మామ్మా, ఉత్త గాలి."

"ఉత్తదైతే ఉండనీరా. నీకేటి అడ్డు?"

కన్నయ్య ఆగిపోయాడు. నా కాలి కింద పెడల్ ఇంకా మెత్తగా ఉంది. ఆ రోజు పెడల్ మీంచి తీసినప్పుడు ఆయన పాదం కూడా అలాగే మెత్తగా, వెచ్చగా ఉంది. నాకూ ఆపెయ్యాలనే అనిపించింది.

"ఇప్పు కన్నయ్యా," అన్నాను.

బుడగలు సన్నబడ్డాయి. చివరిది పైపు కొసను పట్టుకుని వేలాడింది. ఎంత తొక్కినా వదల్లేదు. అత్త సీసా మీద చెయ్యి వేసింది.

"పో నాయినా," అంది మెల్లగా. "పిల్లలెక్కుతారట."

అది వదిలింది. పెడల్ గట్టిగా నా కాలిని పైకి ఎత్తేసింది.

ఆ ఒక్కసారికి కన్నయ్యే నడిపాడు. కొండ ఎక్కాం, దిగాం. ప్రతి మలుపులోనూ బండి మాట విన్నది. తిరిగొచ్చాక అత్త గుమ్మంలోంచే అడిగింది.

"ఎక్కడైనా ఆగనేదా?"

"ఆపినచోటల్లా ఆగింది అత్తా."

"అయితే దిగిపోనాడు," అని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బండి దగ్గరికి రాలేదు.

ఇప్పుడు బండి నడిపేది సూర్యం. కొత్తవాడు, ఈ సంగతులేవీ ఎరగడు. అయినా సీట్లో కూర్చునే ముందు, ఎవరో జరిగి చోటిచ్చేదాకా చూసినట్టు, తలుపు దగ్గర కాస్త నిలబడతాడు. ఎందుకని నేను అడగలేదు.

కొర్ల రాజకుమారి, యాభై తొమ్మిదేళ్లు, ప్రస్తుతం అత్తతో అక్కుపల్లిలో ఉంటున్నాను.